నగలకు పటము తీయుట

మన యిండ్లలో పాలకు లెక్క గలదు, చాకలిపద్దు గలదు, గ్యాసుబండ యెన్నడు మార్చితిమో గోడమీది క్యాలెండరు చెప్పును. ఇంటనున్న వస్తువులలో మిక్కిలి వెలగలవియు, స్త్రీ తనవియని నిస్సంకోచముగా చెప్పుకొనదగినవియు నగు నగలకు మాత్రము చాల యిండ్లలో లెక్క లేదు. అడిగినచో, "అమ్మ పెట్టినదేదో, అత్తగారు పెట్టినదేదో నాకు తెలియదా?" యందురు. తెలియుట వేఱు, తెలిపి యొప్పించుట వేఱు. దొంగతనము జరిగి పోలీసుఠాణాకు పోయినపుడు, "మెడలో వేసికొను గొలుసు, నాలుగు కాసులుండును" అని చెప్పినంతమాత్రమున ఆ గొలుసు వేయి గొలుసుల నడుమ గుర్తింపబడునా? భీమా కంపెనీవా రడిగినపుడు, అన్నదమ్ముల పంపకములలో మాట వచ్చినపుడు, అత్తవారింట నుంచిన నగలను తిరిగి యడుగవలసిన దుర్దినము సంభవించినపుడు, మన జ్ఞాపకమొక్కటియే సాక్ష్యమైనచో నెదుటివారు దానిని సులభముగా నంగీకరింపరు.

కావున నీ మాసమున నగలకు స్పష్టమైన పటములు తీయు విధమును గుఱించి వ్రాయ నిశ్చయించితిమి. ఇందులకు స్టూడియోకు పోనక్కఱలేదు. నగలను గడప దాటింపనక్కఱలేదు. చేతిలోని ఫోను, ఒక కిటికీ, రెండు మూడు తెల్లకాగితములు, ఒక పాత మల్లుపంచె చాలును. 1892లో లాలా దీన్‌దయాళుగారు హైదరాబాదున ఘోషాస్త్రీలకొఱకు ప్రత్యేకమైన ఛాయాచిత్రశాలను స్థాపించి, దాని నిర్వహణమును కెన్నీ లెవిక్ అను నాంగ్లవనిత కప్పగించిరి. పరపురుషుని కంటబడకుండ స్త్రీలు తమ యాభరణములతో పటము తీయించుకొనుటకు నాడంతటి యేర్పాటు కావలసివచ్చెను. నేడా చిత్రశాల మన చేతిసంచిలోనే యున్నది. దానిని వాడుకొను నేర్పు మాత్రము మనము సంపాదించుకొనవలయును.

మెఱుగు చేయు మోసము

"తీసి చూచితిమి, కుదరలేదు" అని పలువురు సోదరీమణులందురు. వారి మాట నిజమే. బంగారుగాజు పటములో సగము నల్లగా కనబడును. పతకము నడుమ ఫోను పట్టుకొన్న మన మొగమే కనబడును. క్రింద పఱచిన తెల్లబట్ట బూడిదరంగుగా వచ్చును. ఈ దోషములకు కారణములు తెలిసినయెడల విరుగుడు సులభము.

చీరకు పటము తీయునపుడు చీరమీద పడిన వెలుగు అన్నిదిక్కులకు చెదరును. కావున మన మెటునుండి చూచినను దాని రంగు కనబడును. మెఱుగుపెట్టిన లోహమట్లు గాక అద్దమువలె పనిచేయును. వెలుగు దానిపై నే కోణమున వచ్చిపడునో, అంతే కోణమున రెండవవైపునకు తిరిగిపోవును. కావున బంగారమునకు మనము తీయు పటము చాలవఱకు బంగారము చుట్టునున్న గదికి పటమే. గదిలో చీకటిమూల యున్నచో, ఆ చీకటి గాజుమీద నల్లని పట్టీయై కూర్చుండును. ఎఱ్ఱచీర కట్టుకొని తీసినచో బంగార మెఱ్ఱబాఱును. చదునైన యద్దము ఒక దిక్కునే చూపును. గుండ్రని పూస, గాజు, బుట్టకమ్మ గదినంతయు తమలో నిముడ్చుకొనును. ఇందువలననే బిళ్లలకంటె బుట్టలకు పటము తీయుట కష్టము.

కావున నగమీద వెలుగు కుమ్మరించుటకంటె, నగ చూచు దిక్కులనెల్ల తెల్లదనము నుంచుట ముఖ్యము. ఈ యొక్క మాట మనసున బట్టినవారికి తక్కిన దంతయు దానంతట వచ్చును. ఫోనులోని ఫ్లాషు దీపమును వాడరాదని చెప్పుటకును కారణమిదియే. ఆ చిన్నదీపము కంటి ప్రక్కనే యుండుటచే, నగమీద నొక్కచోట తెల్లగా కాలిన మచ్చవలె మెఱసి, తక్కిన భాగము చీకటియగును.

తెల్లని గూడు కట్టుట

ఎండ నేరుగా పడని కిటికీని ఎన్నుకొనవలయును. ఉత్తరపుకిటికీ శ్రేష్ఠము. వేఱు దిక్కైనచో మల్లుపంచెను తెరగా కట్టిన చాలును. ఎండ ఆ బట్టయందు చెదరి మెత్తని వెలుగగును. గదిలోని ట్యూబులైటును, బల్బులను ఆర్పివేయుడు. పగటివెలుగును దీపపువెలుగును కలిసినచో నగ యొకవైపు నీలముగాను, ఒకవైపు పసుపుగాను కనబడి బంగారపు నిజమైన రంగు తప్పును. పంకా ఆపుట మఱవకుడు, కాగితములు కదలును.

కిటికీప్రక్కన బల్ల వేసి, నునుపుమెఱుగు లేని తెల్లని డ్రాయింగుకాగితము పై యంచును గోడకంటించి, క్రింది భాగమును మడత పడకుండ వంపుగా బల్లమీదికి దింపుడు. ఇట్లు చేసినచో గోడయు బల్లయు కలియు గీత పటములో కనబడదు. నగ నా కాగితము నడుమ నుంచి, కిటికీకెదురుగా జానెడు దూరమున తెల్లని థర్మోకోలు పలకను నిలువబెట్టుడు. కిటికీనుండి వచ్చిన వెలుగును అది తిరిగి నగమీదికి పంపును, నల్లనిపట్టీ మాయమగును. పైనుండి తీయదలచినచో, రూపాయిబిళ్లంత రంధ్రము చేసిన మఱియొక తెల్లకాగితమును ఫోనునకు ముందుంచి, ఆ రంధ్రమునుండి పటము తీయవలయును. అప్పుడు మన మొగమును, మన చేతులును, ఫోనును నగలో కనబడవు. చీరయు రవికయు లేతరంగువైన మఱియు మంచిది.

ఉంగరములు, మాటీలు, కమ్మలు వంటి చిన్న నగలకు అట్టపెట్టె యొకటి చాలును. దాని మూడు ప్రక్కలను కిటికీలవలె కోసి, మల్లుగుడ్డ యంటించి, లోపల తెల్లకాగితము వంపుగా పఱచినచో నదియే తెల్లని గూడు.

అంతయు తెలుపైనచో మఱియొక చిక్కు కలదు. తెల్లకాగితముమీద వెండిపట్టీలకును, నునుపైన గాజులకును అంచు తెలియక కాగితములో కలిసిపోయినట్లుండును. దీనికి రెండంగుళముల వెడల్పుగల నల్లకాగితపు ముక్కలను, పటములో కనబడనంత దూరమున, నగకిరువైపుల నిలుపవలయును. నగ యంచున సన్నని నల్లగీత యేర్పడి, కాటుక దిద్దిన కన్నువలె ఆకృతి తేటపడును. ముక్కలను ముందుకు వెనుకకు జరిపి, గీత సన్నబడినచోట నిలుపుడు.

తెలుపు తెలుపుగా వచ్చుటకు

తెల్లకాగితము బూడిదరంగుగా నేల వచ్చును? తన ముందున్న దృశ్యము సగటున మధ్యరకపు బూడిదరంగని తలచి వెలుగును కొలుచుట కెమేరా స్వభావము. దృశ్యమంతయు తెలుపే యైనచో, వెలుగు మితిమీఱెనని భ్రమించి తగ్గించును. దానికి మనము బుద్ధి చెప్పవలయును. ఫోనుతెరమీద నగ యున్నచోట వ్రేలితో తట్టిన, ప్రక్కన సూర్యునివంటి గుర్తు చాల ఫోనులలో కనబడును. దానిని కొంచెము పైకి జరిపిన పటము వెలుగెక్కును. కాగితము తెల్లబడి, నగపై చెక్కడపుపని యింకను కనబడుచుండగనే ఆపవలయును. ఇంకను పైకి జరిపినచో పనితనమంతయు తెల్లని మంటలో మాడిపోవును. రెండు మూడు మెట్లలో తీసి మేలైనదానిని ఉంచుకొనుట మంచిది. కాగితము కొంచెము బూడిదగా మిగిలినను నష్టము లేదు. బంగారపురంగును, పనితనమును చెడకుండుటయే మనకు ముఖ్యము.

ఫోనును నగమీదికి మిక్కిలి దగ్గఱగా తేరాదు. దగ్గఱియంచు ఉబ్బి, దూరపుటంచు కుంచించుకొని రూపము వికృతమగును. మూరెడు దూరమున నుంచి, ఫోనులో రెండింతలు పెంచి తీసినచో ఆకారము సరిగా వచ్చును. అద్దమును మెత్తని నూలుగుడ్డతో తుడిచి, ఫోనును పుస్తకముల దొంతరకు ఆనించి, మూడు క్షణముల తరువాత తీయునట్లు ఏర్పఱచినచో చేతివణకు పటమును చెఱపదు.

రాళ్లు, ముత్యములు, కుందనపుపని

తీయుటకు ముందు నగను శుభ్రపఱచుట యవసరము. మన కంటికి కనబడని వ్రేలిముద్ర పటములో మచ్చయై కనబడును. రాళ్లులేని బంగారమునకు గోరువెచ్చని కుంకుడురసమును మెత్తని కుంచెయు చాలును. కెంపులును, పచ్చలును వెనుక మూసి పొదిగిన పాతనగలను నీళ్లలో ముంచరాదు. రాతి వెనుక తళుకురేకును, లోపల లక్కయు నుండుట కలదు. నీరు చొచ్చినచో రాతి కాంతి శాశ్వతముగా చెడును. ముత్యములను మెత్తని గుడ్డతో తుడుచుటతో సరిపెట్టవలయును.

తెల్లని గూటిలో బంగారమును ముత్యములును చక్కగా వచ్చును గాని రవ్వలు మాత్రము నిర్జీవముగా కనబడును. రవ్వకు మెత్తని వెలుగు చాలదు. చిన్నదైన తీక్ష్ణపు దీపము ఒకవైపునుండి తగిలినప్పుడే దాని ముఖములు వేఱువేఱుగా మెఱయును. కావున గూడు నట్లే యుంచి, చిన్న టార్చిలైటును ప్రక్కనుండి చూపి, నగను గాని దీపమును గాని కొంచెము త్రిప్పుచు, మెఱుపు పడిన క్షణమున తీయుడు.

నగలోపల చెక్కిన ముద్రలకు ఇందుకు సమీపమైన యుపాయమే పనికివచ్చును. ఎదుటినుండి వెలుగు వేసినచో ముద్ర కనబడదు. ప్రక్కనుండి, దాదాపు నగ తలమునకు సమానముగా టార్చివెలుగు పాఱించినచో అక్షరముల లోతునందు నీడ పడి చదువ వీలగును. 2021 నుండి హాల్‌మార్కు నగలమీద బి.ఐ.ఎస్. చిహ్నమును, స్వచ్ఛతను, ఆఱక్షరముల హెచ్.యు.ఐ.డి. సంఖ్యను చెక్కుచున్నారు. ఒక నగ సంఖ్య మఱియొక నగకుండదు. బి.ఐ.ఎస్. కేర్ అను యాప్‌లో ఆ సంఖ్య నిచ్చినచో, నగ జాతియు, స్వచ్ఛతయు, పరీక్షించిన కేంద్రమును తెలియును. అమ్మమ్మ యిచ్చిన కాసులపేరునకును, అత్తగారి కంటెకును ఇట్టి సంఖ్య యుండదు. వానికి పటమే ఆనవాలు. కావున పాతనగలకు మొదట పటము తీయుడు.

ఒక్కొక్క నగకు ఏమేమి తీయవలయును

ముందువైపు ఒకటి, వెనుకవైపు ఒకటి, కొక్కెము లేక మర దగ్గఱిది ఒకటి, ముద్రకు ఒకటి. స్కేలుబద్ద ప్రక్కనుంచి ఒకటి తీసినచో పరిమాణము తెలియును. త్రాసుమీద తూకపు అంకె కనబడునట్లు మఱియొకటి. రాయి యూడి మఱల పొదిగించిన గుర్తో, అతుకుపెట్టిన లంకెయో యున్నచో దానికి తప్పక ఒకటి తీయుడు. దోషమని దాచదగదు, వేయి గొలుసులలో మన గొలుసును పట్టియిచ్చునది ఆ యతుకే. ఆ నగను ధరించి తీయించుకొన్న పెండ్లిపటమో, పండుగపటమో యున్నచో దానినికూడ చేర్చుడు. కొన్న దుకాణపు బిల్లునకును పటము తీయవలయును. సిరా యెగిరిపోవు బిల్లులు నేడు హెచ్చుగా నున్నవి.

పటములకు తోడు ఒక పట్టిక వ్రాయుడు. నగ పేరు, మొత్తము తూకము, రాళ్లుపోగా నికరము, ఎవరిచ్చిరి, ఎన్నడిచ్చిరి, ఇప్పుడెక్కడ నున్నది—ఇవి యుండవలయును. తూకమును గ్రాములలోనే వ్రాయుడు. కాసు అనగా ఎనిమిది గ్రాములని వాడుక. తులమన్న పూర్వపులెక్కలో 11.66 గ్రాములు, నేటి బజారులో పది గ్రాములు. "పది తులముల వడ్డాణము" అని వ్రాసిన తాతగారి కాగితమునకును నేటి త్రాసునకును పదునాఱు గ్రాములకుపైగా భేదము వచ్చుటకు ఇదియే కారణము. ఇంటివారెవ్వరిని అనుమానింప నక్కఱలేదు.

చట్టము చెప్పునది

పుట్టినింటివారును, మెట్టినింటివారును, బంధువులును పెండ్లినాడు వధువున కిచ్చిన నగలు ఆమె స్త్రీధనము. భర్తకు గాని అత్తమామలకు గాని వానిని భద్రపఱచుట కిచ్చినంతమాత్రమున వారివి కావనియు, తిరిగి యీయ నిరాకరించుట నమ్మకద్రోహ మగుననియు సుప్రీముకోర్టు 1985లో తీర్పు చెప్పెను. తెలంగాణమునుండి పోయిన యొక వ్యాజ్యమున 2024లో ఆ న్యాయస్థానమే, కూతురు జీవించియుండగా ఆమె యధికారమీయనిదే తండ్రికైనను ఆ ధనమును కోరు హక్కు లేదని చెప్పెను. హక్కు మనదని చట్టము చెప్పును గాని, ఏ నగ ఎవరిచ్చినదో చట్టమునకు తెలియదు. దానిని మనమే చూపవలయును.

ఇందులకే 1985లో మఱియొక నియమము వచ్చెను. వరకట్నముగా అడుగుటయు, ఇచ్చుటయు, పుచ్చుకొనుటయు 1961 చట్టముచే నిషిద్ధములు. అడుగకయే ప్రేమతో నిచ్చు కానుకలకు మాత్రము పట్టిక వ్రాసి, వస్తువు వివరము, సుమారు వెల, ఇచ్చినవారి పేరు, వారి బంధుత్వము చేర్చి, వధూవరు లిరువురును సంతకములు చేయవలెనని ఆ నియమము విధించుచున్నది. పెండ్లి పనులలో అక్షతలకును, ఆకుపోకలకును పట్టిక వ్రాయు మనము ఈ పట్టికను మఱచుట విచారకరము. దానికి పటములు జతపఱచినచో మఱింత బలము.

బ్యాంకు లాకరులో నున్నవిగదా యని నిశ్చింతగా నుండరాదు. లాకరులో ఏమున్నదో బ్యాంకువారికి తెలియదు. 2022 జనవరి నుండి అమలులోనున్న రిజర్వుబ్యాంకు నియమముల ప్రకారము, అగ్నిప్రమాదము, దొంగతనము, కట్టడము కూలుట, బ్యాంకు ఉద్యోగుల మోసము వంటివానివలన నష్టము కలిగినచో, లాకరు సంవత్సరపు అద్దెకు నూఱురెట్లవఱకే బ్యాంకు బాధ్యత. అద్దె మూడువేలైనచో మూడులక్షలు. పెండ్లికూతు మెడలోని హారమున కది చాలునో చాలదో మీరే లెక్కచూడుడు. నగలకు ప్రత్యేకముగా భీమా చేయించునపుడు ఈ పటములును పట్టికయు పనికివచ్చును.

దాచుటయందు జాగ్రత్త

పటములు తీసిన యుత్సాహమున వానిని బంధువుల వాట్సప్పు గుంపులకు పంపరాదు. నగల జాబితా దొంగకు ఉపకరించు పటమే. తీయుటకు ముందు ఫోనులో స్థలమును గుర్తించు ఏర్పాటును ఆపుడు. తేదీ మాత్రము పటములోపల దాగియుండును; అది మనకు మేలే. వాట్సప్పులో ఫోటోగా పంపినచో ఆ వివరము తొలగిపోయి స్పష్టతయు తగ్గును. డాక్యుమెంటుగా పంపిన నట్లే యుండును. మెఱుగులు దిద్దు యాప్‌లతో మార్చిన పటము సాక్ష్యమునకు కొఱగాదు. అసలుదానిని తప్పక ఉంచుకొనుడు. ఒక ప్రతి పెన్‌డ్రైవులోను, ఒక ప్రతి అచ్చొత్తించి పట్టికతోను, నగలున్న చోటగాక వేఱుచోట—తల్లియొద్దనో, నమ్మదగిన అప్పచెల్లెలియొద్దనో—ఉంచుట యుత్తమము.

తెల్లని భూమికమీద నగను చూపి అమ్ము దుకాణములవారి పటములను చూచునపుడు కూడ ఈ విద్య యుపయోగించును. తెల్లదనమున కొలతకు ఆధార మేమియు నుండదు. పెసరగింజంత రాయి తెరమీద నేరేడుపండంత కనబడును. వెలుగెక్కువచేసినచో బంగారపురంగు మాఱును. పటమును చూచి ముచ్చటపడుడు. గ్రాములను, మిల్లీమీటరులను, ముద్రను చూచి కొనుడు.

కొందఱు, "ఇంటివారిమీద నమ్మకము లేకనా యీ పటములు?" అని యడుగవచ్చును. నమ్మకమున్నప్పుడే లెక్క వ్రాయుట సులభము. కలహము వచ్చినపిదప తీయబోయిన పటము నిందవలె తోచును. శాంతిగా నున్ననాడు అత్తాకోడండ్రు కూర్చుండి తీసిన పటము ఇంటిచరిత్ర యగును. ఈ చంద్రహారము ఎవరిది, ఈ చెంపసరములు ఏ పెండ్లికి చేయించిరి, ఈ నాను కరగించి ఏవి చేయించిరి అని పెద్దలు చెప్పుచుండగా కోడలు పట్టికలో వ్రాసికొనిన, ఆ మాటలు నగలతోపాటు మనుమరాండ్రకు చేరును.

ఈ మాసమున నొక యాదివారము ఉదయమున ఒక్క నగతో ఆరంభింపుడు. వచ్చు సంచికలో వెండిసామానునకు కఱుకుదనము పట్టకుండ దాచు విధమును వ్రాసెదము.